చెప్పి జారే టైరు

కంటి డాక్టరు ఆ మాట అడిగేటప్పటికి మా అత్తయ్య గడ్డం ఇంకా యంత్రం మీదే ఉంది.

"కదలకండి" అన్నాడాయన ముందు. కుడి కంట్లోకి దీపం వేసి చూస్తూ, అదే గొంతుతో, "అమ్మా, నేనొక స్పోర్ట్స్ కారు కొన్నాను. రెండు సీట్లదే, పాతది. టైర్లు మార్చాలంటున్నారు. మీరు కొంచెం చూసి పెడతారా?" అన్నాడు.

అత్తయ్య కదిలింది. ఆయన దీపం ఆర్పేసి నవ్వాడు.

"ఇంజను ముందా, వెనకా?" అంది అత్తయ్య.

"సీట్ల వెనక."

"వెనక చక్రాలు ముందువాటి కన్నా వెడల్పా?"

"అవునేమో. చూడలేదు."

"కొనేముందు చూడలేదా?" అనేసి, తాను ఎవరి ముందు కూర్చుందో గుర్తొచ్చినట్టు మళ్లీ గడ్డం యంత్రం మీద పెట్టింది. నేను మూల కుర్చీలో చుక్కలమందు సీసాలు సంచిలో సర్దుతున్నాను. అత్తయ్య చేతులు ఒళ్లో ఉన్నాయి. వేళ్లు మాత్రం స్టీరింగు పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి.

ఈమె మా నాన్న చెల్లెలు. మా ఇంటి పైగదిలో ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. "ఎందుకు చేసుకోలేదు?" అని అడిగినవాళ్లకు "తీరిక దొరకలేదు" అని చెబుతుంది. అందులో అబద్ధం లేదు. ఇరవై ఒక్క సంవత్సరాలు ఒక టైర్ల కంపెనీలో టైర్లు నడిపి చూసే ఉద్యోగం చేసింది. నడిపి చూడడమంటే వేగంగా పోవడం అనుకునేదాన్ని చిన్నప్పుడు. కాదు. గుండ్రంగా పరిచిన తారు రోడ్డు ఒకటి ఉండేదట. దాని మీద గొట్టాలతో ఎప్పుడూ నీళ్లు పారుతూ ఉండేవట. ఆ చుట్టు మీద బండిని తిప్పాలి. ఒక్కొక్క చుట్టుకు వేగం కొంచెం కొంచెం పెంచాలి. ఎక్కడో ఒకచోట టైరు పట్టు వదిలేస్తుంది. ఎప్పుడు వదిలింది, ఎలా వదిలింది, వదిలేముందు ఏమైనా చెప్పిందా, మళ్లీ ఎంతసేపటికి అందుకుంది, ఇవన్నీ చూసి పదికి మార్కులు వేయాలి. టైరు పేరు కూడా చెప్పరు. ఒక అక్షరం మాత్రం రాసి ఇస్తారు.

ఆ ఉద్యోగానికి ముందు ఆమె ఒక ఆసుపత్రికి ఉతికిన దుప్పట్లు చేరవేసే వ్యాను నడిపేది. డ్రైవర్లు కావాలని కంపెనీ ప్రకటన వేస్తే వెళ్లింది. మగవాళ్లు తొమ్మిదిమంది, తనొక్కతి. పరీక్ష రోజున తొమ్మిదిమందీ నీళ్లు చిమ్ముకుంటూ తిరిగారు. అత్తయ్య నెమ్మదిగా మూడు చుట్లు తిరిగి, దిగి, "వెనక ఎడమవైపు టైరులో గాలి తక్కువుంది" అని చెప్పింది. కొలిచి చూస్తే తక్కువే ఉంది. అక్కడి పెద్ద ఇంజనీరు ఆ గాలి తానే కావాలని తీయించాడని తరువాత తెలిసింది. ఆ రోజు నుంచి ట్రాక్ మీద అందరికీ ఆమె పట్టక్క. టైరు పట్టు తెలుసు కాబట్టి సగం, పట్టిన పట్టు వదలదు కాబట్టి సగం.

ఆమె పట్టిన పట్టు ఒకటే. ట్రాక్ షెడ్డులో మూలన, గుడ్డ కప్పి ఒక బండి ఉండేది. నడుం ఎత్తు కూడా ఉండని రెండు సీట్ల బండి. స్పోర్ట్స్ కార్ల టైర్లు దాని మీదే పరీక్ష చేసేవారు. దాన్ని నడపడానికి ఇద్దరే ఇద్దరు డ్రైవర్లకు అనుమతి. ఇద్దరూ మగవాళ్లే. అత్తయ్యకు మామూలు కార్లు, వ్యాన్లు, అప్పుడప్పుడు ఒక అంబులెన్సు. "పదిమందిని మోసుకెళ్లే టైరుకు నేను మార్కులు వేస్తే నమ్ముతారు. ఇద్దరిని మోసేదానికి పనికిరానా?" అని ఏటా అడిగేది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనేవారు. పందొమ్మిదేళ్లు అడిగింది. ఇరవయ్యో ఏట పాత డ్రైవరు ఒకాయన ఉద్యోగం మానేశాడు. ఆయన స్థానంలో ఈమె పేరు రాసి నోటీసు బోర్డుకు అంటించారు. ఆ రోజు ఇంటికి ఫోను చేసి "ఏమే, నా పేరు రాశారే" అని మూడుసార్లు చెప్పింది నాకు.

కొత్త బండికి మారే ముందు కళ్ల పరీక్ష తప్పనిసరి. కంపెనీ పంపించింది ఈ డాక్టరు దగ్గరికే.

అర్ధగోళంలా ఉన్న తెల్ల గిన్నెలోకి తల పెట్టి, మధ్యలో ఉన్న చుక్కనే చూస్తూ, పక్కల ఎక్కడైనా వెలుగు చుక్క మెరిస్తే మీట నొక్కాలి. అత్తయ్య కనిపించిన ప్రతి చుక్కకూ నొక్కింది. పరీక్ష బాగా రాసిన పిల్లలాగా నవ్వుతూ బయటికి వచ్చింది. డాక్టరు కాగితం తిప్పి చూపించాడు. మధ్యలో తెలుపు. చుట్టూ నలుపు.

"నీటికాసులు" అన్నాడు. "రెండు కళ్లలోనూ పక్కచూపు చాలావరకు పోయింది. ఇంకా పోకుండా మందుతో ఆపుతాను. పోయింది మాత్రం తిరిగి రాదమ్మా."

"పోతే నాకు తెలియదా?"

"తెలియదు. లేనిచోట మనసు ఏదో ఒకటి పూరించి చూపిస్తుంది. ఇది చెప్పి వచ్చే జబ్బు కాదు."

కాగితం కింద ఆయన ఒక వాక్యం రాసి సంతకం పెట్టాడు. వాహనం నడపడానికి తగదు. నోటి కాడ కూడు లాగేసినట్టయింది. కంపెనీ ఆమెకు అంకెలు ఎక్కించే కుర్చీ ఒకటి ఇచ్చింది. కిటికీలోంచి తడి చుట్టు కనిపించే కుర్చీ. మూడు నెలలు కూర్చుని రాజీనామా చేసింది. తరువాత మా వీధి చివర టైర్ల షాపులో కౌంటరు దగ్గర చేరింది. మూడు నెలలకోసారి నా స్కూటరు మీద ఆ డాక్టరు దగ్గరికే వెళ్లేది. ఆరేళ్లపాటు ఆయనతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన తప్పేం లేదని ఆమెకు తెలుసు. అయినా తన చేతులు కట్టేసిన మనిషిని చూసినట్టే చూసేది.

అలాంటిది, ఆ రోజు స్కూటరు వెనక కూర్చుని దారంతా మాట్లాడింది. "రెండు సీట్లదేనట. ఇంజను వెనకేనట. చూడకుండా కొన్నాడటే, చదువుకున్న మనిషి!"

ఆదివారం పొద్దున బండి షాపుకు వచ్చింది. ముదురు ఆకుపచ్చ రంగు, అక్కడక్కడా వెలిసిపోయింది. డాక్టరు అందులోంచి దిగడమే ఒక కసరత్తు. ముందు ఒక కాలు, తరువాత తల, చివరికి నడుం పట్టుకుని మిగతా మనిషి. తెల్లకోటు లేకుండా ఆయన్ని చూడడం అదే మొదలు. చదువుకునే రోజుల్లో ఇలాంటి బండి బొమ్మ పుస్తకంలో పెట్టుకునేవాడట. భార్య "యాభై దాటాక ఇదేం సరదా?" అందట.

అత్తయ్య పలకరించకుండానే బండి పక్కన కూలబడింది. అంచులు కనిపించవు కాబట్టి ఆమె వేళ్లతో చూస్తుంది. టైరు చుట్టూ చెయ్యి పోనిచ్చింది. గోరుతో నొక్కింది. టైరు పక్కభాగం మీద ఒకచోట ఆగి, మొహం దగ్గరగా పెట్టి చదివింది.

"పదకొండేళ్ల టైర్లు" అంది.

"గీతలు ఇంకా లోతుగానే ఉన్నాయిగా అమ్మా?"

"గీతలు ఉండి ఏం లాభం? రబ్బరు ఎండిపోయింది. గోరు దిగట్లేదు. ఇక్కడ చూడండి, నెర్రెలు. ఈ నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తరువాతి రెండూ సంవత్సరం. నడిపినా నడపకపోయినా టైరుకు వయసొస్తుంది." ఇంకోవైపుకు వెళ్లింది. "వెనకవి లోపలి అంచు ఎక్కువ అరిగాయి. అలైన్‌మెంట్ చూపించాలి. ముందువాటికి బయటి అంచులు గీరుకుపోయాయి. మీరు మలుపులోకి దిగాక బ్రేకు నొక్కుతారు."

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "నేనే అని ఎందుకనుకుంటున్నారు? ముందు నడిపినాయన కావచ్చుగా?"

"ఈ గీరుళ్లు కొత్తవి."

షాపు యజమాని లోపల్నుంచి టైర్ల బొమ్మలున్న పుస్తకాలు నాలుగు పట్టుకొచ్చాడు. ఉన్నవాటిలో పేరున్న టైరు చూపించాడు. పందేల్లో వాడే రకానికి దగ్గరగా ఉంటుంది, గీతలు తక్కువ. డాక్టరుకు దాని అందం నచ్చింది. అంతకన్నా అర అంగుళం వెడల్పైనది వేస్తే ఇంకా బాగుంటుందని ఎవరో స్నేహితుడు చెప్పాడట.

"మీరు వానలో తీస్తారా బండి?" అని అడిగింది అత్తయ్య.

"వాన వస్తే ఎలా తప్పుతుంది?"

"రోజూ ఆసుపత్రికి దీన్లోనే వెళ్తారా?"

"వారానికి రెండుసార్లు. ఆదివారం కొండదారిన ఒక గంట."

"అయితే అది వద్దు. వేడెక్కితే గానీ పట్టుకోదు. మీరు ఆసుపత్రికి చేరేలోపు అది వేడెక్కదు. వెడల్పు కూడా వద్దు. బండి చేసినవాడు పిచ్చివాడు కాదు, కొలత చూసే పెట్టాడు."

మిగిలినవి రెండు. ఒకటి అత్తయ్య పాత కంపెనీది. యజమాని దాన్నే ముందుకు తోశాడు. "మీ ఇంటి టైరే కదక్కా, నీకంటే బాగా ఎవరు చెప్తారు?" అన్నాడు. అత్తయ్య ఆ బొమ్మను చాలాసేపు చూసింది. ఆ రబ్బరు ఆమెకు తెలుసు. మామూలు కార్ల సైజులో, ఒక అక్షరం పేరుతో, చివరి ఏడాది తడి చుట్టు మీద తిప్పింది. మిగతా ఇద్దరు డ్రైవర్లూ తొమ్మిదేసి మార్కులు వేస్తే ఆమె అయిదు వేసింది. అప్పట్లో దాని మీద పెద్ద గొడవే అయిందట.

మార్చారేమో తెలుసుకోకుండా చెప్పడం అన్యాయమని అక్కడే నిలబడి పాత పెద్ద ఇంజనీరుకు ఫోను చేసింది. ఆరేళ్ల తరువాత.

"నేనండీ, పట్టక్కను… బాగానే ఉన్నాను. ఒకటే మాట. నేను అయిదు వేసిన రబ్బరు మార్చారా?" అవతల ఆయన ఏదో అన్నాడు. "మార్చలేదా? అవునులెండి, ఎండలో బాగుంటుంది. ఎండలో ఏదైనా బాగుంటుంది." కాసేపు విని, గొంతు తగ్గించి, "ఆ షెడ్డులో బండి ఉందా ఇంకా?" అంది. తరువాత "ఓహో" అంది. ఫోను పెట్టేసింది.

"తీసి అమ్మేశారట" అంది ఎవరితోనో అన్నట్టు. అప్పుడు డాక్టరు వైపు తిరిగింది. "ఇది తడిగుడ్డతో గొంతు కోసే రకం డాక్టరుగారూ. చివరిదాకా అంతా బాగున్నట్టే ఉంటుంది. ఒక్క గుక్కలో వదిలేస్తుంది. రెండోది చూడండి, దీని పట్టు ఒక పిసరు తక్కువ. కానీ ఇది చెప్పి జారుతుంది. ముందు చిన్నగా గునుస్తుంది, స్టీరింగు తేలికవుతుంది, నడుం కింద సీటు ఒక వేలెడు పక్కకు జరిగినట్టుంటుంది. కాలు తీసేస్తే మళ్లీ అందుకుంటుంది. మీలాంటివారికి ఇదే కావాలి."

"మీకైతే?" అన్నాడు డాక్టరు.

అత్తయ్య పుస్తకం మూసింది. "నాకైతే ఏదైనా సరే" అంది.

వెనక సైజు ఉంది, ముందు సైజు లేదు. "ముందు వేరే కంపెనీది వేసేద్దాం, ఎవరు చూస్తారు?" అన్నాడు యజమాని. "రోడ్డు చూస్తుంది" అంది అత్తయ్య. రెండు వారాలు ఆగారు. టైర్లు వచ్చాక ఆమె నాలుగింటి అంకెలూ చదివి, ఒకటి మరీ పాతదని వెనక్కి పంపించింది. ఇంకో వారం. బిగించేటప్పుడు షాపులో పనిచేసే మీసాలాయన ఒకదాన్ని తిరగేసి పెట్టబోతే వేలితో తడిమి ఆపింది. 'బయటివైపు' అనే అక్షరాలు లోపలికి పోతున్నాయి. చివరికి గాలి తనే పెట్టింది, ముందుకో లెక్క, వెనక్కో లెక్క. "మొదటి రెండు వందల కిలోమీటర్లు మెత్తగా నడపండి. కొత్త టైరు మీద జిడ్డు ఉంటుంది" అని చెప్పి పంపేసింది. బండి మలుపు తిరిగేదాకా షాపు ముందు నిలబడే ఉంది. పక్కకు పోయిన బండి ఆమెకు అందరికన్నా ముందే మాయమవుతుంది. అయినా నిలబడింది.

నెల తరువాత డాక్టరు ఫోను చేశాడు. ఆయన బావమరిదికి ఊరి చివర గోడౌను ఉంది, ముందు పెద్ద సిమెంటు ఆవరణ, చుట్టూ గోడ. ఆదివారం అక్కడ ఎవరూ ఉండరు. పొద్దుటినుంచి వాన పడుతోంది. "టైర్లు ఎలా ఉన్నాయో మీరు చూస్తే బాగుంటుందమ్మా" అన్నాడు.

నేను స్కూటరు మీద తీసుకెళ్లాను. వాన తగ్గి సన్నగా తుంపర పడుతోంది. డాక్టరు నాలుగు ఖాళీ డ్రమ్ములు గుండ్రంగా పెట్టించి ఉంచాడు. తాళంచెవి అత్తయ్య ముందుకు చాపాడు.

"రోడ్డు మీద ఒక్క గజం కూడా ఒప్పుకోను. నేనే రాశాను, నాకు గుర్తుంది. ఇక్కడ, గోడల లోపల, నేను పక్కన కూర్చుంటే, ఒకసారి."

అత్తయ్య తాళంచెవి వైపు చూసింది. నా వైపు చూడలేదు. నేను వద్దంటానని ఆమెకు తెలుసు.

సీటు ముందుకు జరుపుకుంది. చెప్పులు విప్పి నా చేతికిచ్చింది. వట్టికాళ్లతో పెడళ్లను ఒకసారి తాకి చూసింది. బండి కదిలింది. బండి నడక పాలు తొణకనట్టు ఉంది. ఒక చుట్టు. రెండో చుట్టు సగంలో నెమ్మదై ఆగిపోయింది. ఏదో పాడైందనుకుని పరుగెత్తాను.

ఆమె రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని కూర్చుంది. "బండి పోతోంది గానీ నేను పోవడం లేదే" అంది. "డ్రమ్ము ఎక్కడుందో చూడాలంటే తల తిప్పాల్సి వస్తోంది. తల తిప్పితే నడుం కింద మాట వినబడట్లేదు."

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. "వేగం పక్కచూపుతోనే తెలుస్తుందమ్మా. ఎదురుగా ఉన్నది మెల్లగానే కనిపిస్తుంది. పక్కనించి జారిపోయేదే వేగం."

"ఆ మాట ఆరేళ్ల కిందట చెప్పలేదే?"

"మీరు అడగలేదు."

అత్తయ్య దిగి, చుట్టూ తిరిగి వెళ్లి రెండో సీట్లో కూర్చుంది. "మీరు నడపండి. నేను కళ్లు మూసుకుంటాను" అంది.

నేను గోడ పక్కన గొడుగు కింద నిలబడ్డాను. తలుపు అద్దం దించి ఉంది కాబట్టి వాళ్ల మాటలు చుట్టు చుట్టుకూ వినిపించేవి. డాక్టరు కంటి మీద కత్తి పెట్టే మనిషి. స్టీరింగు మాత్రం దొంగ గొడ్డును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"చేతులు వదులు చేయండి. ఇప్పుడెంత?"

"ముప్ఫై నాలుగు."

"ఇంకొంచెం."

"ముప్ఫై ఆరు."

"ఇంకొంచెం. నలభై రెండు దగ్గర మాట్లాడుతుంది అది. ఇప్పటికి గొంతు సవరించుకుంటోంది, అంతే."

"భయమేస్తోందమ్మా."

"ఏం కాదు. చెప్పకుండా జారదు, నాది పూచీ."

ముప్ఫై ఎనిమిది దాకా వెళ్లింది. అక్కడే తిరిగింది. ఆరు చుట్లు, ఎనిమిది చుట్లు. బండి నా ముందునుంచి వెళ్లిన ప్రతిసారీ అత్తయ్య ముఖం కనిపించేది. మూసిన కళ్లు, కొంచెం తెరిచిన నోరు, ముందుకు వంగిన మెడ. రావాల్సిన మనిషి అడుగుల చప్పుడు కోసం తలుపు దగ్గర చెవి పెట్టినట్టుంది. నలభై రెండుకు నాలుగే తక్కువ. ఆ నాలుగూ డాక్టరు పాదంలో లేవు. చెమట తుడుచుకుంటూ ఆపేశాడు.

"క్షమించండమ్మా. నావల్ల కాలేదు."

"బాగానే నడిపారు" అంది అత్తయ్య. దిగేటప్పుడు సీటు మీద చెయ్యి వేసి ఒక క్షణం ఉంచింది.

ఆ తరువాత వాన పడిన ఆదివారాలన్నీ అక్కడికే. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఎలుక ఎవరంటే గొడుగు కింద నేను. నాలుగోసారో అయిదోసారో, డాక్టరు ఎలాగో నలభై ఒకటి దాటాడు. బండి వెనక భాగం ఒక్కసారి, గోరంత, పక్కకు కదిలింది. నాకు కనిపించనుకూడా లేదు, చక్రాల కింద నీళ్ల చప్పుడు మారిందంతే. లోపలినుంచి అత్తయ్య "అదీ!" అని అరిచింది. డాక్టరు వెంటనే కాలు తీసేశాడు. టైరు అందుకుంది. అంతా కలిపి అర సెకను ఉంటుందేమో.

బండి ఆగింది. డాక్టరు అత్తయ్య వైపు తిరిగాడు. "ఎన్ని మార్కులు?" అని అడిగాడు.

"ఎనిమిది."

"నాకా, టైరుకా?"

"టైరుకు. మీకు ఆరు."

ఆయన గట్టిగా నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు. ఇంటికి వచ్చేటప్పుడు స్కూటరు మీద నా భుజం పట్టుకుని ఊరికే కూర్చుంది. సంతోషించిందనుకున్నాను. ఇల్లు చేరాక మెట్లెక్కుతూ, "తాగుడు మాన్పించినవాడికి ఒక చుక్క నాలుక మీద వేస్తే ఎలా ఉంటుందో తెలుసా నీకు?" అంది. ఆ వారమంతా ఆకాశం వైపు చూస్తూనే ఉంది. చినుకు రాలేదు.

మరుసటి ఏడాది డాక్టరుకు నడుం పట్టేసింది. అంత కింద ఉన్న సీట్లోకి దిగడం, మళ్లీ పైకి లేవడం ఇక కుదరదని ఎముకల డాక్టరు చెప్పాడట. చూపు పరీక్ష అయిపోయాక, కాగితం ఇస్తూ, అత్తయ్య చూపు ఏమీ తగ్గలేదని చెప్పి, "బండి అమ్మేస్తున్నానమ్మా. వేరే ఊరి కాలేజీ మాస్టారు ఒకాయన అడుగుతున్నారు. ముందు మీకు చెప్పాలనిపించింది" అన్నాడు.

"నాకెందుకండీ?" అంది అత్తయ్య. "ఆయనకు గాలి లెక్క చెప్పండి. ముందుకొకటి, వెనక్కొకటి. కలిపేస్తాడేమో."

రెండు రోజుల తరువాత నేను పనినుంచి వచ్చేసరికి, అత్తయ్య మా మెట్ల పక్కన ఖాళీ స్థలంలో ఉంది. నా స్కూటరు పెట్టే చోటు. పాత పూలకుండీలు ఒక పక్కకు జరిపి, షాపునుంచి తెచ్చిన కొలత టేపు గోడకు ఆనించి పట్టుకుంది. మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టుంది పిన్నిగారి వ్యవహారం" అన్నాడు నాతో గుసగుసగా. నేను ఆయన్ని లోపలికి తోశాను.

"ఆ చివర పట్టుకో" అంది అత్తయ్య.

పట్టుకున్నాను. బండి వెడల్పు ఆమెకు కంఠతా వచ్చు. లెక్క చూశాం. జానెడు తక్కువైంది.

"పక్క అద్దాలు మూసేస్తే?"

"మూసినా పట్టదత్తయ్యా."

"ఊఁ" అంది. టేపు చుట్టేస్తుందనుకున్నాను. చుట్టలేదు. కుండీలు ఇంకొంచెం జరిపి, అవతలి గోడ దగ్గరికి వెళ్లి, మళ్లీ అక్కడినుంచి కొలవడం మొదలుపెట్టింది.